తూటు లేని ఆకు

మంగళవారం పొద్దున సింధూజ బకెట్ మూత తీసేసరికి లోపల చప్పుడే లేదు.

మామూలుగా మూత మీద చెయ్యి పడితే చాలు, లోపల ఇలకోళ్లు చిటపటమని గెంతేవి. చీకటి పడితే గోడ సందుల్లో కీచుమని అరిచే పురుగులే అవి. ఆమె వాటిని ఎండాకాలం నుంచి పెంచుతోంది. ఆ పొద్దు అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. గుడ్ల అట్టల మీద, తవుడులో, నీళ్ల దూది పక్కన, ఎక్కడివక్కడే. ఒకటీ అరా కాళ్లు ఇంకా వణికిస్తున్నాయి. వాటి మధ్యలో, నిన్న సాయంత్రం తనే కడిగి వేసిన పాలకూర. అంచుల్లో కాస్త కొరికి వదిలేసిన ఆకులు ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నాయి.

ఆ ఇలకోళ్లు బుంగ తిండి. బుంగ అంటే కప్ప. వ్యవసాయ కాలేజీలో సింధూజ గదిలో ఉండే అమ్మాయి దాన్ని హైదరాబాదులో అక్వేరియం దుకాణంలో కొన్నది. పెళ్లయ్యాక అత్తగారింటికి కప్పను పట్టుకుపోలేక సింధూజ చేతిలో పెట్టి ఏడ్చి వెళ్లిపోయింది. అరచేతి నిండా పట్టే కప్ప. ఒళ్లంతా ఆకుపచ్చ మచ్చలు, కళ్ల మీద కొమ్ముల్లా లేచిన చర్మం, మొహమంతా నోరే. గాజుపెట్టెలో కొబ్బరిపొట్టులో సగం పూడుకుని, ప్రపంచం మీద అలిగినట్టు కూర్చుంటుంది. బుంగ అని పేరు పెట్టింది సింధూజ తల్లి మాణిక్యమ్మ, వెక్కిరింతకు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ కప్ప తన దగ్గరికి వచ్చినప్పుడు వెనక కాళ్లు వణుకుతుండేవి. స్నేహితురాలు ముద్దు కొద్దీ దానికి ఎప్పుడూ కోడిమాంసం ముక్కలే పెట్టింది. ఎముకల్లో బలం లేక, ఒళ్లు మాత్రం ఊరిపోయి, గెంతబోతే పక్కకు ఒరిగిపోయేది. అప్పట్నుంచి సింధూజ దాని తిండి విషయంలో ఎవరి మాటా వినదు. ఒకసారి ఇలకోళ్లు, ఒకసారి వానపాములు, ఎప్పుడన్నా ఒక చిన్న చేపపిల్ల. పెట్టేముందు పురుగుల మీద చిటికెడు కాల్షియం పొడి. వీధిదీపాల కింద రాలిన పురుగులు, పొలంలో పట్టిన మిడతలు ముట్టనివ్వదు, ఏ మందు తిని వచ్చాయో తెలియదు కనుక. కప్ప తినేది పురుగునే అయినా, పురుగు తిన్నదే కప్ప ఒంటికి పడుతుందని ఆమె లెక్క. అందుకే ఇలకోళ్లకు క్యారెట్ తురుము, ఆకుకూర.

"నేను బువ్వ తిన్ననా లేదా అని ఒక్కనాడన్న అడిగినవానే? పురుగులు క్యారెట్ తిన్నయా అని మాత్రం అడుగుతవు" అనేది మాణిక్యమ్మ.

ఆ సాయంత్రం బుంగకు ఇలకోళ్లు పెట్టవలసిన రోజు. ఆ ఆకు ఒక్క పూట తర్వాత వేసి ఉంటే, చావబోయే పురుగులనే తన చేత్తో దాని నోటికి అందించి ఉండేది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అదే కట్ట రాత్రి తమ పప్పులో పడింది. మిగతా కట్టలు ఫ్రిజ్‌లో ఉండాలి. తలుపు తీసి చూసింది. లేవు.

మాణిక్యమ్మ వాళ్లుండే వనపర్తిలోనే అంగన్‌వాడీ టీచర్. పొద్దున్నే కూర సంచి పట్టుకుని వెళ్లిపోయింది.

సింధూజ చచ్చిన ఇలకోళ్లను, ఆ ఆకులను ఒక కవర్లో పోసుకుని స్కూటీ తీసింది.

సెంటర్లో పిల్లలు చాప మీద కూర్చుని పాట పాడుతున్నారు. వెనక వంటగదిలో పప్పు ఉడుకుతోంది. సెంటర్లో వంటకు ఉండే ఆయమ్మ తరిగిన పాలకూర బేసిన్ నిండా ఉంది, ఇంకో నిమిషంలో పప్పులో పడేదే. సింధూజ బేసిన్ ఎత్తి చెత్తబుట్టలో బోర్లించింది.

"ఏయ్, ఏం జేస్తున్నవే!" మాణిక్యమ్మ పరుగున వచ్చింది.

"ఇది పిల్లలకు పెట్టొద్దమ్మా. నా ఇలకోళ్లు గిదే తిని చచ్చినయ్. తెల్లారేసరికి ఒక్కటి మిగల్లే."

"పురుగులు సచ్చినయని పిల్లల కూర పారబోస్తవా?"

"పురుగులు చచ్చినయనే పారబోస్తున్న!"

ఆయమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాపుకుంది. అది చూసి మాణిక్యమ్మకు కోపం రెట్టింపయింది. తన సెంటర్లో, తన ఆయమ్మ ముందు, తన కూతురే వచ్చి కూర పారబోయడం ఆమెకు మింగుడు పడలేదు.

"ఇన్నేండ్లసంది గిదే వండుతున్న. ఒక్క పోరనికన్న ఏమన్న అయిందా? రాత్రి మనం తినలేదా? బతికే ఉన్నం గదా?"

"చావలేదు గన్క మంచిదేనంటవా?"

"మరి రేపు నేనేం వండాలె? చెప్పు!" మాణిక్యమ్మ గొంతు పెంచింది. పిల్లల పాట ఆగిపోయింది. "బజారుల ఉన్నదంత గదే. ఆఫీసరువు గదా నువ్వు, మందు లేని కూర యాడ దొరుకుతదో చెప్పు, గాడ్నే కొంట."

పెద్దమందడి మండలంలో సింధూజ వ్యవసాయ విస్తరణాధికారి. రైతులకు ఏ పంటకు ఏం చెయ్యాలో చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ మాటే తల్లి ఎత్తిపొడిచేసరికి కోపం ఇంకా ఎక్కువై, కవర్ పట్టుకుని బయటికి నడిచింది. పిల్లలు ఆ రోజు ఉత్త పప్పు, గుడ్డుతో తిన్నారు.

అక్కడి నుంచి నేరుగా కూరగాయల మార్కెట్‌కు పోయింది. పాలకూర కొన్నది విజయమ్మ గంప దగ్గర. రెండేళ్లుగా ఆమె దగ్గరే కొంటోంది. సింధూజను చూడగానే విజయమ్మ కట్ట మీద నీళ్లు చిలకరించి ముందుకు జరిపింది. "రా బిడ్డా, ఇయ్యాల తోటకూర గూడ మంచిగున్నది."

సింధూజ కవర్ విప్పి గంప పక్కన పెట్టింది. "చూడక్కా. నిన్న నువ్విచ్చిన కూర తిని చచ్చినయ్."

విజయమ్మ వంగి చూసింది. అర్థం కాలేదు. "ఏందివి? పురుగులా?"

"నా కప్పకు పెంచుకుంటున్న."

పక్కన మిరపకాయలు అమ్మే మనిషి ఫక్కున నవ్వాడు. సంచి పట్టుకుని నిలబడ్డ ఒకాయన "కప్పకు పెట్టే పురుగులు సచ్చినయంట" అని వెనకవాళ్లకు అందించాడు. నవ్వు గంప నుంచి గంపకు పాకింది. సింధూజ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వుతున్న ప్రతివాళ్ల సంచిలోనూ ఆకుకూర కనిపిస్తోంది.

"నవ్వుండ్రి. మీ ఇంట్ల గూడ గిదే వండుతున్రు" అంది.

నవ్వు ఆగింది గాని, విజయమ్మకు మండింది. బేరాల వేళ, పది మంది ముందు తన గంప మీద అపవాదు. "ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? మా కూర తిని ఎవరు సచ్చిన్రు? పేరు చెప్పు! పురుగు సావనీకే గదా మందు కొట్టేది. పురుగు సస్తే తప్పయిందా?"

"తినే ఆకు మీద కొడుతరా అక్కా?"

"మరి తూట్లు పడ్డ ఆకు తెస్తే కొంటవా నువ్వు? నిన్న గీడ్నే నిలబడి నాలుగు కట్టలు పక్కకేసినవ్, తూట్లున్నయని. నేను చూడలేదనుకున్నవా?"

అది నిజం. సింధూజ ఎప్పుడూ అలాగే ఏరుతుంది. ఆమె తల్లి కూడా. కవర్ మూటగట్టుకుంది.

"మా ఆయన్ని అడుగు పో" అంది విజయమ్మ వెనక నుంచి. "కొట్టేది ఆయన, నేను కాదు. నీ మండలమే గదా."

విజయమ్మ భర్త జయరాజు సింధూజకు తెలిసిన రైతే. పెద్దమందడి దాటాక కాలువ పక్కన అతని చేను. బోరు కింద ఆకుకూర మళ్లు, వాటిని ఆనుకుని పత్తి. ఆమె పోయేసరికి తొట్టిలో తోటకూర కట్టలు ముంచి కడుగుతున్నాడు. దండం పెట్టి "రాండ్రి మేడం, చాయ్ తాగుతరా?" అన్నాడు. ఆమె కవర్ తొట్టి గట్టు మీద పెట్టి జరిగింది చెప్పింది.

"పాలకూరకు ఏం కొట్టినవన్నా?"

అతను మందు పేరు చెప్పాడు.

"అది పత్తి మందన్నా! ఆకుకూర దిక్కు దాన్ని తేనే తేవద్దు."

"పత్తికి కలిపింది మిగిలింది. పారబొయ్యాల్నా? దుకాణపాయన్ని అడిగితె దీనికి గూడ పని చేస్తదన్నడు. చేసింది. మాపటికల్ల పురుగు రాలింది."

"కొట్టినంక ఎన్నొద్దులకు కోసినవ్?"

"శనివారం కొట్టిన, సోమవారం కోసిన. మార్కెట్ ఆగుతదా?"

"అంగన్‌వాడీ పిల్లలకు పోయిందన్నా ఆ కూర! ఇంకో నిమిషమైతె గిన్నెల పడుతుండె. మూడేండ్ల పోరలు తినేది. నీకు జరంత గూడ అనిపియ్యలేదా?"

జయరాజు తలవంచుకుని కట్టలు కడుగుతూనే ఉన్నాడు. సింధూజ విసుగ్గా పక్కకు చూసింది. అప్పుడు కనిపించింది, ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన, చిన్న మడి. నాలుగు వంగ మొక్కలు, కాస్త పాలకూర, గుప్పెడు పుంటికూర. ఆకులన్నీ జల్లెడలా తూట్లు. ఒక మిడత ఎగిరి ఇంకో ఆకు మీద వాలింది.

"అదేంది?"

"మా ఇంటికి" అన్నాడు జయరాజు, మెల్లగా.

సింధూజ ఆ మడి వైపు వేలు చూపించింది. "మీ ఇంటికి మందు లేంది. బజారుకు మందుది. బాగుందన్నా. తెల్వక చేసినవనుకున్న ఇప్పటిదాంక. అన్ని తెలిసే చేస్తున్నవ్."

కట్ట అతని చేతిలోంచి నీళ్లలో పడింది. జయరాజు లేచి నిలబడ్డాడు. అతను గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"తెల్సు మేడం! ఎందుకు తెల్వదు? కొట్టేటోన్ని నేను. మొకానికి తువ్వాల కట్టుకొని కొడుత. కండ్లు మండుతయి, చేతులు వణుకుతయి, రెండొద్దులు బువ్వ సయించదు. ఇన్నేండ్లసంది ఒక్కలన్న వచ్చి, జయరాజూ, నీ పానం ఎట్లుందని అడిగిన్రా? ఇయ్యాల మీ కప్ప తిండి ఖరాబైంది. బండేసుకొని ఉరికొచ్చిన్రు."

"నేను కప్ప కోసం..."

"కప్ప కోసమే వచ్చిన్రు! నిరుడు గా మందు కంపెనీ మీటింగుకు మమ్మల్ని తోల్కపోయింది మీరు కాదా? టోపీలు పంచిన్రు. మీరు గూడ నెత్తిన పెట్టుకొని ఫోటో దిగిన్రు. ఇగ మేమేమనుకోవాలె? మేడమే పెట్టుకున్నదంటె మంచి మందే అనుకోమా?"

"నేను పత్తికి చెప్పిన! గది గూడ పురుగు ఎక్కువుంటేనే కొట్టమన్న!" ఆమె చెప్పిన మాట నిజమే. కాని ఆ రోజు మీటింగులో ఆ మాట చివర్లో, భోజనాలకు లేస్తున్న జనం వీపులకు చెప్పింది. టోపీ మాత్రం మొదటి నుంచీ నెత్తి మీదే ఉంది.

ఇంకొకరి తప్పు చూపిద్దామని వచ్చి తన తప్పుతో తిరిగి పోవడం సింధూజకు అసహ్యంగా తోచింది. స్కూటీ వైపు నడిచింది.

"ఆగుండ్రి మేడం" అన్నాడు జయరాజు. కోపం ఇంకా దిగలేదు. పార తీసుకుని బండ పక్కన మడిలో తడిమట్టి తవ్వాడు. వానపాములు పిడికెడు ఏరి, మట్టితో సహా పాత డబ్బాలో వేసి ఆమె చేతికిచ్చాడు. "ఇందుల మందు లేదు. కప్పేం జేసింది పాపం, తీసుకపోండ్రి."

వద్దనాలనుకుంది. బుంగ గుర్తొచ్చి తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. అతను కూడా ఆశించినట్టు లేడు.

తర్వాత కొన్నాళ్లు బుంగ వానపాములే తిన్నది. అడపాదడపా చేపపిల్ల. పొడి అద్ది పెడుతున్నా సింధూజకు తృప్తిగా లేదు. అదృష్టవశాత్తు, ఇలకోళ్లు తడిమట్టి డబ్బాలో పెట్టిన గుడ్లు చెడలేదు. ఒకనాడు చీమలంత పిల్లలు పుట్టుకొచ్చాయి. వాటికి ఏ ఆకు వెయ్యాలో తోచక ఆమె క్యారెట్ చెక్కు తీసి తురిమి పెట్టింది. ఇంట్లో తల్లీ కూతుళ్లు ముభావంగా ఉన్నారు. మాణిక్యమ్మ సెంటర్లో ఆకుకూర మానేసి సొరకాయ పప్పు వండుతోంది. కూతురు చెప్పిందని మాత్రం ఒప్పుకోవడం లేదు. పిల్లలే సొరకాయ అడుగుతున్నారంటుంది.

నెల తిరిగాక ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా జయరాజు, విజయమ్మ వచ్చారు. అతను ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. చేతిలో పాలకూర కట్ట, ఆకులనిండా తూట్లు.

"వెయ్యుండ్రి మీ పురుగులకు" అన్నాడు గుమ్మంలోనే. "నా చేను కూర తిని సచ్చినయని బజారుల అన్నరంట గదా. ఇది గూడ నా చేనుదే. కొత్త మడి. దీనికేం కొట్టలే. నేను గీడ్నే కూసుంట."

"ఆయనకు రోషం" అంది విజయమ్మ. తనకు లేనట్టు.

సింధూజ నాలుగాకులు వేసింది. జయరాజు కుర్చీ లాక్కుని బకెట్ ముందే కూర్చున్నాడు. మాణిక్యమ్మ చాయ్ పెట్టింది. గ్లాసులు అందిస్తూ, సెంటర్లో పిల్లలకు ఇటువంటి కూర కావాలంటే పంపుతారా అని అడిగింది. విజయమ్మ పంపుతానంది. జయరాజు అడ్డం పడ్డాడు.

"మీ సెంటరుకు పంపుత. బజారంత ఏమైతది? గింత మడి మీద నేనొక్కన్ని పురుగు ఏరుకుంటు కూసుంటె ఎంతమందికి వస్తది? మేడం, మీరు నన్ను అడిగిన్రు. మంచిదే. దుకాణంల కూసున్నోన్ని గూడ అడుగుండ్రి మరి. వాడేమిస్తె మేము గదే కొడుతం."

సాయంత్రం దాకా పిల్ల ఇలకోళ్లు ఆ ఆకుల్ని చుట్టూ కొరుకుతూ తిరుగుతూనే ఉన్నాయి. జయరాజు రెండుసార్లు వంగి చూసి లేచాడు. "రేపు పొద్దున దుకాణం తెరిచే యాల్లకు వస్త" అన్నాడు పోతూ. అడగలేదు, చెప్పాడు.

సోమవారం ఇద్దరూ పురుగుమందుల దుకాణానికి పోయారు. ఆకుకూరకు కొట్టడానికి జయరాజు వేపనూనె అడిగాడు. దుకాణదారు నవ్వి, "గదెవరు కొంటరు? పెడితె దుమ్ము పట్టుడే" అని, ఎప్పుడూ ఇచ్చే డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. సింధూజ ఆ డబ్బాను అతని వైపు తిప్పింది.

"దీని మీద ఆకుకూరకు కొట్టొచ్చని యాడ రాసుందో చదివి వినిపించుండ్రి."

"మేడం, మీకు తెల్వందేముంది..."

"నాకు కాదు. ఈయనకు వినిపించుండ్రి."

అతను చదవలేదు. చదవడానికి అక్కడ ఏమీ లేదు. దుకాణం ముందు ఆగిన రైతులు ముగ్గురు నలుగురు లోపలికి తొంగి చూశారు. దుకాణదారు మొహం మాడ్చుకుని, ఉదయం పూట గిరాకీ చెడగొడుతున్నారనీ, ఆమె పైఆఫీసరుకు ఫోన్ చేస్తాననీ అన్నాడు. "చెయ్యండి, నేను గూడ మాట్లాడుత" అని సింధూజ అక్కడే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. జయరాజు ఆగిన రైతుల వైపు తిరిగి, ఆకుకూరకు పత్తి మందు కొడితే ఏమైందో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

పైఆఫీసరు ఫోన్ నిజంగానే వచ్చింది. మర్యాదగా నడుచుకోమన్నారు. సింధూజ విన్నది. తర్వాత ప్రతి మీటింగులో, మందు కొట్టిన కూర ఎన్నాళ్లు ఆగి కోయాలో మొదటే చెప్పడం మొదలుపెట్టింది, జనం లేవకముందే. కొంతమంది విన్నారు. చాలామంది వినలేదు. వేపనూనె మాత్రం దుకాణంలో ఒక మూల అరలోకి వచ్చింది. జయరాజు పత్తికి మందు మానలేదు. ఆకుకూర మళ్లను మాత్రం దాని గాలి తగలనంత దూరం జరిపాడు. కొత్త ఇలకోళ్లు పెద్దవయ్యాక బుంగకు మళ్లీ మార్చి మార్చి తిండి అందింది. దాని కాళ్లు గట్టిగానే ఉన్నాయి.

సెంటరుకు విజయమ్మ కూర పోవడం మొదలైన వారానికి, పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన ఒక తల్లి వంటగదిలోకి తొంగి చూసింది. "ఏంది టీచర్, ఆకు నిండ తూట్లే ఉన్నయి. పురుగు పట్టిన కూర పెడుతున్రా మా పిల్లలకు?"

మాణిక్యమ్మ గరిటె బల్ల మీద కొట్టి లేచింది.

"పురుగు తిన్నదమ్మా! తిని సావలేదు! నువ్వు రోజు బజారుల కొనే నున్నటి ఆకు తీసుకొచ్చి ఒక్క పురుగుకు పెట్టి చూడు, తర్వాత మాట్లాడు!"

ఆయమ్మ ఈసారి నవ్వలేదు. పిల్లలకు పళ్లాలు వేస్తోంది.